ఏడో కేంద్రంలో మాయమయ్యే బండ్లు

(పదకొండో భాగం)

కిందటి వారం కూడికలమ్మను రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఏడో లెక్కింపు కేంద్రం దగ్గర పెద్ద నల్ల గొడుగు కింద రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆమె మామగారు కూర్చుని పోయే బండ్లకు గీతలు గీస్తున్నారు. రెండోదాంట్లో ఆయన సంచి కూర్చుంది. కోడలు రావడం చూసి కూడా ఆయన ఆ సంచిని తీయలేదు. ఇంట్లో మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. తన లెక్క తప్పని తేల్చడానికి లోకంలో ఇంకెవరూ దొరకనట్టు ఆఫీసు వాళ్లు సొంత కోడల్నే పంపారని ఆయన కడుపుమంట.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్లకు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఈ ప్రాంతపు రోడ్లన్నిటి మీదా కలిపి పన్నెండు లెక్కింపు కేంద్రాలున్నాయి. ఒక్కో చోట ఒక్కో మనిషి పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా కూర్చుని, పోయే ప్రతి బండికీ ఒక గీత గీస్తాడు. ఆ గీతలను బట్టే ఏ రోడ్డు వెడల్పు చేయాలో, ఎక్కడ కొత్త వంతెన కట్టాలో రోడ్ల ఆఫీసు నిర్ణయిస్తుంది. పన్నెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి, ఒకదానితో ఒకటి పొసిగేలా చూడటం మన అమ్మాయి ఉద్యోగం. కూడికలమ్మ అని ఆఫీసులో పెట్టిన పేరే ఇంట్లోనూ స్థిరపడింది.

పదకొండు కేంద్రాలు పొసిగాయి. ఏడోది మొండికేసింది. ఆరో కేంద్రం దగ్గర రోజుకు మూడు వేల ఆరు వందల చిల్లర బండ్లు పోతున్నాయి. ఎనిమిదో కేంద్రం దగ్గరా అంతే. నడుమనున్న ఏడో కేంద్రం దగ్గర మాత్రం మూడు వేలే. ఈ మూడింటి మధ్య ఎక్కడా పక్కదారి లేదు, ఒకవైపు నది, ఇంకోవైపు రాతిగుట్ట. మరి ఆ ఆరు వందల బండ్లు ఆరో కేంద్రం దాటగానే రెక్కలు కట్టుకుని లేచి, ఎనిమిదో కేంద్రం ముందు వాలుతున్నాయా?

పెద్ద ఇంజనీరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ముసలాయన కునుకు తీస్తున్నాడు, అంతే. ఈ రోజు మధ్యాహ్నం మూడింటికి మీటింగు. ఆలోగా ఏదీ తేలకపోతే ఏడో కేంద్రం కాగితాలు చెల్లవు. ముప్పై ఒక్క ఏళ్లు గీతలు గీసిన మనిషి, ఇంకో ఆరు వారాల్లో రిటైర్ కావలసినవాడు, ‘విధి నిర్వహణలో అశ్రద్ధ’ అనే మచ్చ మోసుకుని ఇంటికి పోతాడు. ఆ ఆర్డరు టైపు కూడా అయిపోయింది. కింద సంతకం ఒక్కటే తక్కువ.

కూడికలమ్మ ఇంకెవరి అనుమతికీ ఎదురుచూడలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

“ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుంటే ఎడమ కాలు ఊగుతుందని చెప్పండి,” అన్నారు మామగారు రోడ్డుతో. “మొన్న ఒకాయన పడ్డాడు.”

“ఫర్వాలేదని చెప్పండి,” అంది ఆమె కూడా రోడ్డుతోనే. “పడితే లేవడం వచ్చని చెప్పండి.”

మామగారు మీసం సర్దుకున్నారు. ఆ మీసం చాటున ఆపుకున్నది నవ్వో కోపమో బయటివాళ్లకు అంతు చిక్కదు. రెండూ ఆయనకు దగ్గరి చుట్టాలే.

నిజానికి కూడికలమ్మ అక్కడికి మామగారిని బతిమాలడానికి రాలేదు, ఓదార్చడానికీ రాలేదు. ఆమె ధీమాగా వచ్చింది. నిన్న సాయంత్రం నలభై రోజుల కాగితాలు ముందేసుకుని ఒక సంగతి పట్టుకుంది. రద్దీ రోజున ఆరో కేంద్రం నాలుగు వేల రెండు వందలు చూపిస్తే, ఏడోది ఏడు వందలు తక్కువ చూపిస్తోంది. పలచటి రోజున ఆరోది రెండు వేల నాలుగు వందలైతే, ఏడోది నాలుగు వందలు తక్కువ. ఎటు చూసినా ఆరింట ఒక వంతు. ఎండైనా, వానైనా, సెలవైనా అదే ఆరింట ఒక వంతు. కునుకు తీసే మనిషి ఒకరోజు గంట తీస్తాడు, ఇంకోరోజు పావుగంట తీస్తాడు. కొలబద్ద పెట్టుకుని నిద్రపోయేవాడు ఇంతవరకు పుట్టలేదు. తప్పు ఉన్నమాట నిజమే, కానీ ఆ తప్పు ఒక పద్ధతి ప్రకారం జరుగుతోంది. పద్ధతి ఉన్న తప్పును పట్టుకోవడం ఆమెకు మంచినీళ్లు తాగినంత సులువు. కనీసం ఆమె అలా అనుకుంది.

ఎనిమిది గంటలకు చేతి కౌంటరు సున్నాకు తిప్పి, బొటనవేలు మీట మీద పెట్టింది. బండి పోతే ఒక నొక్కు. పక్కన మామగారు పెన్సిలు సవరించుకున్నారు. ఆ పెన్సిలును రెండు వైపులా చెక్కి, అట్టకు దారంతో కట్టుకుంటారాయన. ఒక మొన విరిగితే రెండో మొన. మధ్యలో చెక్కుకుంటూ కూర్చుంటే బండ్లు ఆగవు కదా అంటారు.

ఇసుక లారీ పోయింది. దాని వెనక పాల వ్యాను, దాని వెనక ముగ్గురెక్కిన మోటారు సైకిలు, బడి బస్సు, గడ్డి ట్రాక్టరు. కూడికలమ్మ బొటనవేలు టిక్కుటిక్కుమంటోంది. ఆమె ఒక కన్ను రోడ్డు మీద, ఇంకో కన్ను మామగారి మీద వేసింది. ఆయన సగం బండ్లను తలెత్తకుండానే గీస్తున్నారు. ఏ బండో చప్పుడుతోనే ఆయనకు తెలిసిపోతోంది. ఒక లారీ డ్రైవరు సరిగ్గా గొడుగు ముందే బండి ఆపి, దిగి, టైరును కాలితో తన్ని చూసుకుంటూ నిలబడ్డాడు. రోడ్డు కనబడకుండా పోయింది. మామగారు విసుక్కోకుండా లేచి, అట్ట పట్టుకుని నాలుగడుగులు పక్కకు నడిచి, ఆ లారీ చాటున పోతున్న రెండు కార్లకూ ఒక ఆటోకూ గీతలు గీసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. మోకాలు పట్టేసినట్టుంది, కూర్చునేటప్పుడు చెయ్యి ఆనించుకున్నారు.

ఈయనా కునుకు తీసేది? కూడికలమ్మకు సిగ్గేసింది. మొన్నటి మీటింగులో పెద్ద ఇంజనీరు ఆ మాట అన్నప్పుడు తను గట్టిగా కాదనలేదు. సొంత మనిషిని వెనకేసుకొస్తోంది అంటారని భయపడి, “చూసి చెప్తాను సార్” అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

ఒక బస్సు వేగం తగ్గింది. “బాబాయ్! మా బండి రాసుకున్నావా?” అని కేకేశాడు డ్రైవరు.

“నిన్ను రాయలేదు. బండినే రాశాను!” అని కేకేశారు మామగారు.

గంట గడిచింది. “తొమ్మిదయింది,” అన్నారు ఆయన, ఎవరితోనో చెప్పనక్కర్లేదు.

కూడికలమ్మ కౌంటరు చూసుకుంది. నాలుగు వందల పదహారు. తర్వాత మామగారి కాగితం అంచుకు చూపు తిప్పింది. అక్కడ ఆయన గుండ్రటి అక్షరాలతో ఆ గంట లెక్క రాసి ఉంది, అరవై తొమ్మిది కట్టలు, విడిగా రెండు. గీతలను కట్టలుగా కట్టి, కట్టలెన్నో విడివెన్నో అంచున రాయడం వరకే కేంద్రంలో పని. గుణించుకోవడం ఆఫీసు వంతు. కట్టకు అయిదు చొప్పున అరవై తొమ్మిదికి మూడు వందల నలభై అయిదు. రెండు కలిపితే మూడు వందల నలభై ఏడు.

కళ్లెదురుగా, రెప్ప వేయకుండా, మోకాళ్ల నొప్పితో లేచి నిలబడి మరీ లెక్కపెట్టిన మనిషి అరవై తొమ్మిది బండ్లు తప్పాడు. ఇంక ఏం చెప్పి గట్టెక్కించాలి?

“ఆఫీసు వాళ్లకి ఎంతొచ్చిందట?” అని మామగారు రోడ్డును అడిగారు.

“నాలుగు వందల పదహారు,” అంది ఆమె.

మామగారు మూడు రోజుల తర్వాత మొదటిసారి రోడ్డును వదిలేసి కోడలి వైపు తిరిగారు. ముఖం చింకిచేటంత అయింది. “నాకూ అంతేనమ్మాయ్! ఒక్కటి అటూ ఇటూ లేదు. చూశావా మరి?”

“కాదు మామయ్యా. మీది మూడు వందల నలభై ఏడు.”

“ఎవరు చెప్పారు?”

“మీ కాగితమే చెప్తోంది. అరవై తొమ్మిది అయిదులు...”

“అయిదులేమిటి?”

ఒక నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఇంత గొడవలోనూ ఆయన చెయ్యి దానంతటది వెళ్లి ఒక గీత గీసి వచ్చింది. కూడికలమ్మ ఆ గీతనే చూసింది. దాని పక్క గీతను చూసింది. తర్వాత అట్ట మీదికి వంగి, వేలు పెట్టి, ఒక కట్టలోని పుల్లలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నిలువుగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. వాటిని కట్టేస్తూ అడ్డంగా ఇంకొకటి.

ఆరు.

ఈ పొసిగించే పని తన చేతికొచ్చిన రెండు నెలలుగా ఆ కాగితాలు ఆమె బల్ల మీదే ఉన్నాయి. వేలకు వేల కట్టలు లెక్కపెట్టింది. ఒక్క కట్టను విప్పి చూడాలని తోచలేదు. ఆయన గీతలేమో చీపురు పుల్లల్లా ఇరుక్కుని ఉంటాయి, నాలుగుకీ అయిదుకీ తేడా కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడదు. ఆ కళ్లజోడు ఎవరూ పెట్టుకోలేదు.

“కట్టకి ఆరు కదా,” అంటున్నారు మామగారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. “అయిదు నిలువు, ఒకటి అడ్డం. పది కట్టలైతే అరవై. నాకు పని నేర్పినాయన అలాగే నేర్పాడు. పన్నెండు కేంద్రాల్లోనూ అంతే.”

“ఒకప్పుడు మామయ్యా. రెండేళ్ల కిందట మార్చేశారు. ఇప్పుడు నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఆఫీసులో కంప్యూటర్లోకి ఎక్కించడానికి సులువని అందరికీ సర్క్యులర్ పంపారు. పదకొండు కేంద్రాలూ మారాయి.”

“నాకెవరూ చెప్పలేదే.”

“చెప్పకపోవడం కాదు, ఆ కాగితం మీ దాకా రానట్టుంది.”

మామగారు అట్ట వైపు చూసుకున్నారు. ఆయన గొంతు ఒక్కసారిగా పదేళ్లు ముసలిదైపోయింది. “అయితే రెండేళ్ల నుంచీ నా లెక్క తప్పేనా?”

“మీ లెక్క నూటికి నూరు పాళ్లు ఒప్పు!” కూడికలమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. ఊగే కాలు పక్కకు ఒరిగి కుర్చీ పడింది కూడా. “తప్పింది మా గుణకారం మామయ్యా! ఆరుతో గుణించాల్సిన దాన్ని అయిదుతో గుణించాం. అందుకే ప్రతిరోజూ ఆరింట ఒక వంతు పోతోంది. మీరు ఒక్క బండి కూడా పోగొట్టలేదు. పోగొట్టింది మేము!”

ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, అది రోడ్డు పక్కనని కూడా మరిచిపోయి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది.

“కదపకు, కదపకు, బస్సొస్తోంది,” అన్నారు మామగారు. గీత గీశాక కళ్లజోడు తీసి, అద్దాలు తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలను కాదని ఇద్దరికీ తెలుసు. “ఇంటికి ఫోన్ చేసి మీ ఆయనకి చెప్పు, మనం మాట్లాడుకుంటున్నామని. మూడు రోజులుగా నీ మాట నాకూ నా మాట నీకూ మోసి మోసి వాడి నడుం పడిపోయింది.”

ఇద్దరూ కలిసి చూసినట్టు ఒక కాగితం రాసి, కింద సంతకాలు పెట్టారు. కోడలి సంతకం చూసి మామగారు మీసంలో నవ్వారు.

“ఇప్పుడు మనిషి పెట్టిన సంతకంలా ఉంది. కొత్తలో గాలిపటం తోకలా ఉండేది. పార్సిలు తెచ్చేవాడు నవ్వేవాడు.”

“అందుకే మార్చేశాను. మీరు పెట్టిన పోరు తక్కువా?”

మూడింటికి మీటింగు గదిలో నలుగురున్నారు. బల్లకు ఆ చివర పెద్ద ఇంజనీరు, ఈ చివర కూడికలమ్మ, ఆమె పక్కన ఇస్త్రీ చొక్కాలో మామగారు, తలుపు దగ్గర టపా గుమాస్తా. గోడ మీద రోడ్ల పటం, దాని మీద పన్నెండు గుండుసూదులు. ఏడో సూది చుట్టూ ఎవరో ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. పెద్ద ఇంజనీరు ముందు ఆ టైపు చేసిన ఆర్డరు ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద ఒక కంకరరాయి పెట్టారు.

కూడికలమ్మ తడబడకుండా చెప్పింది. పొద్దుటి గంట లెక్క చూపించింది. కట్ట విప్పి ఆరు పుల్లలూ చూపించింది. నలభై రోజుల లెక్కలనూ ఆరుతో గుణించి తెచ్చిన పట్టిక ముందు పెట్టింది. ఏడో కేంద్రం అంకె బుద్ధిగా వెళ్లి ఆరుకీ ఎనిమిదికీ మధ్య కూర్చుంది. ఎక్కడైనా తేడా ఉంటే పదీ పదిహేను బండ్లు, అంతే.

పెద్ద ఇంజనీరు ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. క్యాలిక్యులేటరు తీసి, తనకు తోచిన మూడు రోజులు ఎంచుకుని, తనే గుణించి చూశారు. మూడోదాన్ని రెండుసార్లు చూశారు.

“కుదిరింది,” అన్నారు చివరికి. మామగారి వైపు తిరిగి, “మీరు నిద్రపోతున్నారని అన్నాను పెద్దాయనా. ఆ మాట తప్పు. ఏమీ అనుకోకండి,” అన్నారు.

మామగారి వెన్ను నిటారైంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలో ఆయనకు అంత మర్యాద ఎన్నడూ దక్కలేదు. కూడికలమ్మ ఇంటికి ఏం స్వీట్లు పట్టుకెళ్లాలా అని కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.

“కానీ,” అన్నారు పెద్ద ఇంజనీరు.

ఆయన లేచి పటం దగ్గరికి వెళ్లి, ఎర్ర సున్నా మీద వేలు పెట్టారు. “రాతిగుట్ట దగ్గర పాత వంతెన ఇరుకని అందరికీ తెలుసు. కొత్తది కట్టాలంటే ఇక్కడ మూడున్నర వేలు దాటాలి. రెండేళ్లుగా మూడు వేలే చూపిస్తోందని ఆ పని పక్కన పడేశాం. ఈ రెండేళ్లూ బళ్లు ఆ ఇరుకులోనే ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలా వద్దా? సర్క్యులర్ మేం పంపాం. పంపింది అందుకుని కూడా పాటించలేదంటే, అది నిద్ర కాకపోవచ్చు గానీ అశ్రద్ధే.”

“ఆయనకి అందలేదు సార్.”

“అందలేదని ఆయన అంటున్నారు.”

“నేనూ అంటున్నాను.” కూడికలమ్మ లేచి నిలబడింది. మొన్న ఊరుకున్న నోరు ఇవాళ ఊరుకోనంది. “ఇది పద్ధతి తెలియక జరిగింది సార్, పని ఎగ్గొట్టి జరిగింది కాదు. ఆ కాగితం మధ్యలో ఎవరో తీసుకున్నారు, తీసుకుని చేర్చలేదు. టపా రిజిస్టరు తెప్పించండి. అందులో సంతకం ఎవరిదైతే వాళ్ల పేరు నా రిపోర్టులో నేనే రాస్తాను. ఆ ఆర్డర్లో మా మామయ్య పేరు కొట్టేసి, మీరు ఆ పేరు రాయండి.”

“ఎవరైనా సరేనా?”

“ఎవరైనా సరే సార్.”

“ఆఫీసులో మనవాళ్లే అయ్యుంటారు. తర్వాత వెనక్కి తగ్గరు కదా?”

“తగ్గను.”

పెద్ద ఇంజనీరు టపా గుమాస్తాకు తలూపారు. అతను వెళ్లి రెండేళ్ల నాటి రిజిస్టరు తెచ్చాడు. “అప్పుడు నేనింకా ఈ సెక్షన్‌లోకి రాలేదు సార్. అప్పటాయన రిటైర్ అయిపోయాడు,” అని ముందే చేతులు దులుపుకున్నాడు. దుమ్ము కూడా దులిపి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు ఆనించాడు. “ఇదిగో సార్. లెక్కింపు పద్ధతి మార్పు, సర్క్యులర్. ఏడో కేంద్రం. అందినట్టు సంతకం ఉంది.”

పెద్ద ఇంజనీరు కళ్లు చికిలించి చూశారు. “ఇవేం కోడిగీతలయ్యా? అక్షరం ముక్క తెలియట్లేదు.” రిజిస్టరును మామగారి ముందుకు జరిపారు. “చూడండి పెద్దాయనా. ఎవరిదో గుర్తుపడతారా?”

మామగారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. వంగి చూశారు. ఒక గీతను అంతసేపు చూడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆయన కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

“ఇది నాదే సార్,” అన్నారు.

కూడికలమ్మకు సరిగ్గా వినబడలేదేమో అనిపించింది.

“నాదే. కాగితం అందింది. చదవకుండా ఎక్కడో పడేశాను. పొద్దున కోడలు పిల్ల అడిగితే గుర్తులేక అందలేదన్నాను. ఇప్పుడు చూస్తే గుర్తొచ్చింది.” ఆయన కోడలి వైపు తిరగలేదు. “పాపం, ఆ పిల్ల పొద్దుట్నుంచీ ఎండలో ఉంది. తననేమీ అనకండి. మీరా సంతకం పెట్టేయండి సార్, నేను వెళ్లొస్తాను.”

“మామయ్యా!” అంది కూడికలమ్మ.

బల్ల కింద ఆయన చెప్పు వచ్చి ఆమె పాదం మీద గట్టిగా నొక్కింది. నోరు మూసుకోమని.

పెద్ద ఇంజనీరు నిట్టూర్చారు. “చూశారా అమ్మా? మనవాళ్లని నమ్మడం మంచిదే. కానీ కాగితం అబద్ధం చెప్పదు.” రిజిస్టరును ఆమె వైపు తిప్పి, కంకరరాయి పక్కకు తీసి, కలం మూత విప్పారు.

అప్పుడు చూసింది కూడికలమ్మ.

వంకరగా మొదలైన పొడి అక్షరం. దాని చివర పైకి లేచి, రెండు మెలికలు తిరిగి, పక్క గడిలోకి చొరబడిన తోక. గాలిపటం తోక.

పక్కనున్న తేదీ మీద ఆమె కళ్లు పడ్డాయి. అత్తయ్యకు ఆపరేషన్ జరిగిన వారం అది. మామగారు పన్నెండు రోజులు సెలవులో ఉన్నారు, ఆయన గొడుగు కింద ఇంకెవరో కూర్చున్నారు. ఆమె ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, ఇంట్లో కోడలిగా అడుగుపెట్టి మూడు నెలలు. ఆస్పత్రికి పరిగెత్తబోతుంటే అప్పటి టపా గుమాస్తా పిలిచాడు. ఎలాగూ మీ ఇంటికే కదమ్మా, సంతకం పెట్టి పట్టుకెళ్లి మీ మామగారికి ఇచ్చెయ్, అన్నాడు. ఆమె సంతకం గీకి, కాగితం నలిగిపోకుండా చేతిలో ఉన్న ఎక్స్‌రే కవర్లో పెట్టింది. ఎక్స్‌రేను డాక్టరు చూశాడు. అత్తయ్య బాగుపడి ఇంటికొచ్చింది. ఆ కవరు బీరువా మీదికెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది. కిందటి నెల బీరువా దులిపినప్పుడు కూడా ఆమె దాన్ని తీసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

రెండేళ్లుగా ఏడో కేంద్రంలో మాయమైన బండ్లన్నీ తన ఇంట్లో, తన చేత్తో దాచిన కవర్లో ఉన్నాయి.

ఒంట్లో రక్తమంతా అరికాళ్లకు దిగిపోయినట్టయింది ఆమెకు. ఆ పాదం మీద ఇంకా మామగారి చెప్పు ఉంది. రాని బండికి ఒక్క గీత గీయని మనిషి ఆయన. వచ్చిన బండికి గీత మానని మనిషి. ఆయన గుర్తుపట్టాడు. ఆ తోకను మూడు నెలలు వెక్కిరించి మాన్పించినవాడు గుర్తుపట్టక ఏం చేస్తాడు? గుర్తుపట్టి, తన జీవితంలో మొదటి దొంగ లెక్క రాయించుకుంటున్నాడు. అదీ కోడలి కోసం. మూడు రోజులు మాట్లాడని కోడలి కోసం!

పెద్ద ఇంజనీరు కలం ఆర్డరు మీద ఆనింది.

“ఆగండి సార్,” అంది కూడికలమ్మ.

చెప్పు ఇంకా గట్టిగా నొక్కింది. ఆమె పాదం లాగేసుకుంది. మామగారి చొక్కా జేబులోంచి, అట్ట నుంచి విప్పి తెచ్చుకున్న ఆ రెండు మొనల పెన్సిలు తీసి, రిజిస్టరులో ఆ సంతకం పక్కనే ఖాళీ గడిలో, రెండేళ్లుగా పెట్టని తన పాత సంతకం పెట్టింది. పొడి అక్షరం వంకరగా మొదలైంది. తోక పైకి లేచి, రెండు మెలికలు తిరిగి, పక్క గడిలోకి పోయింది. రిజిస్టరును తిప్పి బల్ల ఆ చివరికి తోసింది.

“ఆయన అబద్ధం చెప్తున్నారు సార్. ఆయనకి అలవాటు లేని పని, సరిగ్గా రాలేదు. ఆ కాగితం తీసుకున్నది నేను. చేర్చనిది నేను. అది ఇప్పటికీ మా బీరువా మీదుంది.”

“నోర్ముయ్ అమ్మాయ్!” అన్నారు మామగారు. అంత గట్టిగా ఆయన ఆమెను ఎన్నడూ కసరలేదు.

పెద్ద ఇంజనీరు పక్కపక్కనున్న రెండు సంతకాలనూ చూశారు. ఒక తోకనూ, ఇంకో తోకనూ చూశారు. ఆర్డరు కాగితం దగ్గరికి లాక్కున్నారు. మామగారి పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. దాని పైనున్న ఖాళీలో కలం ఆనించి, తలెత్తారు.

“మాట మీరే ఇచ్చారు,” అన్నారు. “కూడికలమ్మ అని రాయలేను కదా. పూర్తి పేరు చెప్పండమ్మా.”